2 రూపాయల నాణెం మీద అంకెలు రెండేసిగా కనిపిస్తున్నాయి, యూట్యూబ్‌లో లక్షలొస్తాయంటున్నారు, కొంటామని ఫోన్ కూడా వచ్చింది. నిజమేనా?

రావండీ. మీరు ఫొటో పెట్టిన నాణేనికైతే రావు. సంవత్సరం కింద నక్షత్రం ఉందని గొప్పగా రాశారు, అది హైదరాబాద్ మింట్ (నాణేలు కొట్టే టంకశాల) గుర్తు, అంతే. అంకెల పక్కన నీడలా ఉన్నదాన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు.

నేనూ ఇదే ఆశతో ఓ రూపాయి బిళ్ల పట్టుకుని పూర్ణా మార్కెట్ దగ్గర పాత నాణేలమ్మే పెద్దాయన దగ్గరికెళ్లాను. కంసాలి భూతద్దం కంట్లో ఇరికించుకుని చూసి, "అచ్చు బాగానే ఉంది బాబూ, కొట్టినప్పుడు కదిలింది" అని చేతిలో పెట్టేశాడు. ఆ ముక్క అర్థమవడానికి నాకు చాన్నాళ్లు పట్టింది.

నాణేన్ని కొట్టే అచ్చు డై. ఆ డైని తయారుచేసే అచ్చు హబ్. పాత పద్ధతిలో హబ్‌తో ఒక్కసారి నొక్కితే బొమ్మ పూర్తిగా దిగేది కాదు. డైని కాల్చి, మెత్తబరిచి, మళ్లీ నొక్కేవారు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, అక్షరాలు డైలోనే రెండేసి పడిపోతాయి. ఆఫీసు స్టాంపు సరిగా పడలేదని అక్కడే ఇంకోసారి గుద్దినట్టు. ఇక ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట అదే డబ్లింగ్. డబుల్డ్ డై అంటే అదీ. మీ నాణెం మీదది కొట్టే క్షణంలో డై అదరడం వల్ల వచ్చింది.

10 రెట్ల భూతద్దంతో చూడండి. అసలుదైతే రెండు అక్షరాలూ ఉబ్బెత్తుగా ఉండి, కొసల దగ్గర పాము నాలుకలా చీలిక కనిపిస్తుంది. మెషీన్ డబ్లింగ్‌లో అక్షరం అంచు అణిగి, పక్కన చదునుగా మెట్టులా ఉంటుంది. మీ ఫొటోలో సున్నా పక్కనున్నది ఆ మెట్టే.

లక్షల కథలకు మూలం అమెరికా. ఫిలడెల్ఫియా మింట్ నుంచి 1955లో డబుల్డ్ డైతో కొట్టిన ఒక సెంటు నాణేలు 20 వేలకు పైగా బయటికొచ్చాయి. వాటి మీద డబ్లింగ్ భూతద్దం లేకుండానే తెలుస్తుంది, అరిగినవి కూడా వెయ్యి డాలర్ల పైమాటే. అక్కడ వీటికోసం కాచుక్కూర్చునేవాళ్లున్నారు. మన నాణేల్లో ఇలాంటిది దొరికినా కొనేవాళ్లు తక్కువ, కాబట్టి ధర ఇద్దరి బేరం మీదే.

ఓడల్లో పనిచేసిన మా మేనమామ బిస్కట్ల డబ్బాలో నాకు 1972 నాటి సెంటు దొరికింది. లిబర్టీ అన్న అక్షరాలూ సంవత్సరమూ స్పష్టంగా రెండేసి! అసలుదే. సంబరంగా దేవుడి గూట్లో పెట్టాను. శుక్రవారం మా అమ్మ ఇత్తడి కుందులతో పాటు దాన్నీ చింతపండేసి తోమేసింది. రాగి కదా, తళతళలాడిపోయింది. పెద్దాయన చూసి తల పట్టుకుని, సగం ధర కూడా రాదన్నాడు. ఆవిడకి మాత్రం ఇప్పటికీ అదే బాగుందట. మీరు మాత్రం దేంతోనూ తోమకండి.

ఇంకోటి. పాత నాణేలు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది. మీకు వచ్చిన ఫోన్ కాల్ ఆ బాపతే, పైసా పంపకండి.

వెనకవైపు ఫొటో కూడా పెట్టండి, వెలుతురు పక్కనుంచి పడేలా. అటువైపు ఏమైనా ఉందేమో చూద్దాం.