వీషీ తొత్తా, కీలుబొమ్మా?

సందేహం: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ నాటి ఫ్రాన్సులో పెతేన్ నడిపిన వీషీ ప్రభుత్వాన్ని ‘కీలుబొమ్మ ప్రభుత్వం’, ‘తొత్తు ప్రభుత్వం’, ‘సహకార ప్రభుత్వం’ అని తలా ఒక రకంగా రాస్తున్నారు. ఏది సరి? – ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: మూడోదాన్ని ముందే పక్కన పెడదాం. సహకారం అనగానే తెలుగువాడికి ఎరువుల సొసైటీ, పాల సంఘం గుర్తొస్తాయి. ‘కొలాబరేషన్’ అనే మాటకు నిఘంటువులో కనబడిన మొదటి అర్థం దగ్గరే ఆగిపోయే అనువాదకుల పుణ్యం ఇది. 1940 అక్టోబరులో మాంత్వార్‌లో హిట్లర్‌ను కలిసొచ్చిన పెతేన్ ఆ నెల 30న రేడియోలో నోరారా వాడిన మాట అదే కావచ్చు. ఆయన వాడాడని మనమూ వాడాలా?

ఇక తొత్తు. ఇవాళ ఏ సభలో విన్నా ‘ఫలానావారి తొత్తులు’. మీసాలున్న మంత్రులను అలా తిట్టేవారికి అది ఆడవాళ్ల మాట అని తెలుసా? తొత్తు అంటే దాసి. పాత కన్నడంలో తొళ్తు, తర్వాతి కన్నడంలో మనలాగే తొత్తు, తమిళంలో తొళుత్తై, అన్నిచోట్లా దాసియే. మొక్కు అనే అర్థమున్న తమిళ ‘తొళు’తో దీనికి చుట్టరికం ఉందంటే నేను కాదనను, పట్టుబట్టను కూడా. ‘తొత్తుకొడుకు’ అనే తిట్టులో పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఆ తిట్టు మనిషి పనికి కాదు, పుట్టుకకు తగులుతుంది.

అంటే తొత్తుకు తన బతుకు తన చేతిలో లేదు. ఆదిపర్వంలో వినతను చూడండి. కర్కోటకుడు గుర్రం తోకను చుట్టుకొని నల్లగా కనిపించాడు, పందెం ఓడింది, కద్రువకు దాసి అయింది. వీషీ సంగతి వేరు. 1940 అక్టోబరు 3న యూదులను ప్రభుత్వ కొలువుల నుంచి తోసేసిన శాసనం జర్మన్లు అడిగి చేయించింది కాదు. 1942 జులై 16, 17 తేదీల్లో పారిస్‌లో సుమారు 13 వేలమంది యూదులను ఇళ్లలోంచి పట్టుకుపోయినవారు ఫ్రెంచి పోలీసులే. దీన్ని తొత్తుతనమంటే పాపం వినతకు అన్యాయం. జర్మన్ సేనల ఆక్రమణ ఖర్చు రోజుకు 40 కోట్ల ఫ్రాంకులు ఫ్రాన్సు నెత్తిన పడినచోట మాత్రం ఆ మాట కొంత అతుకుతుందేమో.

కీలుబొమ్మ ఆడిస్తేనే ఆడుతుంది. మంచూరియాలో జపాన్ కూర్చోబెట్టిన పూయీకి సరిపోతుంది. వీషీకైతే, 1942 నవంబరు 11న జర్మన్ సేనలు అంతవరకు ఆక్రమించని దక్షిణ ఫ్రాన్సులోకీ దిగాక కొంతవరకు.

నన్నడిగితే ‘ఆక్రమణదారులకు కొమ్ముకాసిన ప్రభుత్వం’ అంటాను. శీర్షికలో పట్టదంటారా, ‘ఊడిగపు ప్రభుత్వం’ అనండి. ఊడిగం కోరి కూడా చేస్తారు. ఇంతవరకు ఎవరు వాడారని నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. తొత్తును సభల్లోంచి వెళ్లగొట్టడం నా తరం కాదు.

మీది కాకినాడ కనుక ఇంకో మాట. అప్పట్లో ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి, యానాంల గవర్నరు బొన్వాఁ 1940 సెప్టెంబరులోనే, జర్మన్లకు లొంగకుండా పోరాడిన డిగాల్ పక్షం చేరాడు. ఆ తర్వాత మీ పక్కనున్న యానాం వీషీ ఏలుబడిలో లేదు; అక్కడి చరిత్ర రాసేవారికి ఈ మూడింట్లో ఏ మాటా అక్కర్లేదు.