వయ్యదొలీద్‌లో అమ్మానాన్నలతో 3 రాత్రులు: గది ఎలా వెతుక్కోవాలి

డిసెంబరులో అమ్మానాన్నలను డల్లాస్ నుంచి మెక్సికోలోని కాంకూన్ తీసుకెళ్తున్నామని, అక్కడి నుంచి వయ్యదొలీద్ అనే చిన్న ఊరికి వెళ్లి 3 రాత్రులు ఉండాలనుకుంటున్నామని రాశారు. రోజుకు 40 డాలర్ల లోపు శుభ్రమైన గది దొరుకుతుందా, పెద్దవాళ్లు ఇబ్బంది పడతారా అని టెన్షన్ పడుతున్నారు. గది దొరుకుతుంది. నేను 2023 ఫిబ్రవరి మధ్యలో మా అమ్మని, అత్తయ్యని వెంటబెట్టుకుని హ్యూస్టన్ నుంచి వెళ్లి అక్కడ 4 రాత్రులు ఉన్నాను. ఒక రాత్రి బాధపడ్డాం, 3 రాత్రులు హాయిగా ఉన్నాం. ఆ తేడా ఎక్కడొచ్చిందో చెప్తాను.

మొదటి రాత్రికి ఇంటి దగ్గరే ఫోటోలు చూసి బుక్ చేశాను. పేరు చెప్పను. రాత్రికి 1,100 పెసోలు. ఫోటోలో ఈతకొలను, రంగు రంగుల దిండ్లు, గోడ మీద బొమ్మలు అన్నీ బాగున్నాయి. తలుపు తీయగానే చెమ్మ వాసన గుప్పుమంది. ఉన్న ఒక్క కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది, అంటే బయటి గాలి రాదు. ఏసీ వేస్తే నీళ్లు కారి మంచం పక్కన మడుగు కట్టాయి. పక్క వీధిలో అర్ధరాత్రి దాటేదాకా పాటలు. అత్తయ్యకి ఆయాసం ఉంది, ఆ బూజు వాసనకి తెల్లవార్లూ దగ్గుతూనే ఉన్నారు. ఆ దగ్గు వింటూ పడుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని నా మాట: ఒక్క మొదటి రాత్రికే బుక్ చేసుకోండి. మర్నాడు పొద్దున్నే ఒకరు పెద్దవాళ్ల దగ్గర ఉండండి, ఒకరు నడుచుకుంటూ వెళ్లి గదులు చూసి రండి. ఊరు అంత పెద్దదేం కాదు, రెండు గంటలు చాలు. కానీ డిసెంబరు చివరి వారంలో వెళ్తుంటే ఈ పద్ధతి వద్దు, అప్పుడు గదులు నిండిపోతాయి, ధరలూ పెరుగుతాయి. ఈస్టర్ వారం కూడా అంతే. డిసెంబరు 12 గువాదలూపె మాత పండుగ, ముందు రోజు రాత్రి నుంచే టపాసులు పేలుస్తారు. మీ నాన్నగారికి నిద్ర తేలిక అన్నారు కాబట్టి, కుదిరితే ఆ ఒక్క రాత్రి ఆ ఊళ్లో లేకుండా చూసుకోండి.

ఎక్కడ వెతకాలంటే, ముందు వీధుల లెక్క తెలియాలి. వీధులకు పేర్ల కంటే నంబర్లే ఎక్కువ వాడతారు. సరి సంఖ్యలు ఉత్తర దక్షిణాలు, బేసి సంఖ్యలు తూర్పు పడమరలు. నడిబొడ్డున ఉన్న పార్కు 39, 41 వీధుల మధ్య, 40, 42 వీధుల మధ్య ఉంటుంది. ఏడీవో అనే బస్సు కంపెనీ వాళ్ల బస్టాండు 39వ వీధిలో 46 దగ్గర, అంటే పార్కుకి రెండు వీధులు పడమరగా. పెద్దవాళ్లు వెంట ఉన్నా సామాను ఎక్కువ దూరం మోయక్కర్లేదు, బస్సు దిగి నడిచి వెళ్లచ్చు. పార్కు ఎదురుగా ఉన్నవి ఖరీదు, పైగా గోల. పార్కు నుంచి సాన్ బెర్నార్దీనో అనే పాత మఠం వైపు వెళ్లే దారిలో, దాని చుట్టుపక్కల వీధుల్లో చూడండి. గుమ్మం పక్కన 'పొసాద' అనో, 'ఆయ్ అబితాసియోనెస్' అనో బోర్డు ఉంటుంది. రెండోదానికి గదులున్నాయని అర్థం. కొన్ని ఇళ్లకి బయట గోడ, తలుపు తప్ప ఏమీ కనిపించదు. లోపలికి వెళ్తే మన మండువా ఇంటిలా మధ్యలో ఆకాశం కనిపించే పెరడు, చుట్టూ గదులు ఉంటాయి. మాకు నచ్చింది అలాంటి ఇల్లే.

అడగడానికి నాలుగు మాటలు చాలు. 'పువేదొ వేర్ ఎల్ క్వార్తొ?' అంటే గది చూడొచ్చా అని. ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. చూపించను అన్నవాళ్ల దగ్గర ఉండనే వద్దు. 'క్వాంతొ పోర్ నోచె?' రాత్రికి ఎంత అని. ఏసీని 'క్లీమ' అంటారు, ఫ్యాన్‌ని 'వెంతిలదోర్' అంటారు. ఒకే గదికి ఈ రెండింటికీ వేర్వేరు ధర చెప్తారు. డబుల్ మంచాన్ని 'మత్రిమోనియాల్' అంటారు, రెండు మంచాలు కావాలంటే 'దోస్ కామస్' అనాలి. పన్నులు కలిపే చెప్తున్నారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. మాకు ఫ్యాన్ గది 550, ఏసీ గది 700 పెసోలు పడింది. అప్పట్లో డాలరుకి 18, 19 పెసోలు వచ్చేవి. ఇప్పుడు గది ధర కొంచెం పెరిగి ఉంటుంది, అయినా డిసెంబరులో చలువగానే ఉంటుంది కాబట్టి కిటికీకి దోమల జాలీ ఉంటే ఫ్యాన్ గది సరిపోతుంది. జాలీ లేకపోతే మాత్రం తీసుకోవద్దు, ఆ ప్రాంతంలో డెంగీ ఉంది.

గదిలో అడుగుపెట్టగానే ముందు ముక్కుతో చూడండి. రూమ్ స్ప్రే ఘాటుగా కొడితే దాని కింద ఏదో వాసన దాచారన్నమాట. దుప్పటి మూల ఎత్తి పరుపు కుట్ల దగ్గర నల్ల చుక్కలున్నాయేమో చూడండి, నల్లుల గుర్తు అదే. స్నానాల గదిలో కుళాయి తిప్పి ధార చూడండి, వేడినీళ్లు వచ్చేదాకా రెండు నిమిషాలు ఆగండి. అక్కడ సి అక్షరం ఉన్నది వేడినీళ్ల కుళాయి, స్పానిష్‌లో వేడిని 'కలియెంతె' అంటారు. చల్లనీళ్లది ఎఫ్. అమ్మ సి అంటే చల్లనీళ్లనుకుని తిప్పేసింది, అదృష్టం కొద్దీ అప్పటికి నీళ్లు ఇంకా కాగలేదు. మీ వాళ్లకి వెళ్లగానే ఇది చెప్పండి. కుళాయి చుట్టూ తెల్లటి పొర కనిపిస్తే మురికి అనుకోకండి. అక్కడి నేలంతా సున్నపురాయి, నీళ్లు భూమి లోపలి నుంచే వస్తాయి, అందుకే పొర కడుతుంది. టాయిలెట్ కాగితం పక్కనున్న బుట్టలో వేయమంటారు. అది అక్కడి అలవాటు, గది శుభ్రతకి దానితో సంబంధం లేదు. ఆ బుట్ట రోజూ ఖాళీ చేస్తున్నారా అన్నదే చూడాలి. కుళాయి నీళ్లు తాగకండి, వరండాలో 20 లీటర్ల క్యాన్ పెడతారు, దాన్ని 'గర్రఫోన్' అంటారు.

మేం దిగిన ఇంట్లో గోడలకి రెండు వైపులా ఇనుప కొక్కేలు ఉన్నాయి. ఎందుకని అడిగితే ఇంటావిడ లోపలి నుంచి ఒక వల ఉయ్యాల తెచ్చి కట్టింది. వయ్యదొలీద్ ఉన్న యూకతాన్ రాష్ట్రంలో చాలామంది అందులోనే పడుకుంటారు. మధ్యాహ్నం మా అత్తయ్య అందులో నడుం వాల్చి రెండు గంటలు నిద్రపోయారు, ఒక్కసారి కూడా దగ్గలేదు. అది చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

మీ అమ్మగారు శాకాహారం అన్నారు. చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. అక్కడి కరెంటు, ప్లగ్గులు అమెరికా లాంటివే కాబట్టి డల్లాస్‌లో కొన్నది పనిచేస్తుంది, ఇండియా నుంచి తెచ్చింది పనిచేయదు. ప్లగ్ పెట్టేముందు ఇంటివాళ్లని అడగండి, మా ఇంటావిడ వంటింట్లోనే వండుకోమంది. బయట తినేటప్పుడు చిక్కుడు గింజల కూరలో పంది కొవ్వు వేస్తారు, 'సిన్ మంతేక' అని చెప్పాలి.

మాయా ప్రజల పాత కట్టడాలున్న చీచెన్ ఇట్సాకి వయ్యదొలీద్ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. పొద్దున 8 గంటలకి గేటు తీస్తారు. బస్టాండు దగ్గరే వ్యాన్లు దొరుకుతాయి, తొందరగా బయల్దేరితే కాంకూన్ నుంచి టూరిస్టు బస్సులు రాకముందే, ఎండ ఎక్కకముందే పెద్దవాళ్లు చూసి వచ్చేయచ్చు. ఈ ఊళ్లో రాత్రి ఉండటానికి అసలు కారణం ఇదే.

ఇంకొక్కటి, మర్చిపోకండి. కాంకూన్ గడియారం వయ్యదొలీద్ కంటే గంట ముందు ఉంటుంది, రెండూ వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి. తిరుగు ప్రయాణం రోజు బస్సు రెండు, రెండున్నర గంటలు పడుతుంది, దాని మీద ఈ గంట కూడా పోతుంది. విమానం మధ్యాహ్నం అయితే పొద్దున్నే మొదటి బస్సులకే టికెట్ తీసుకోండి, ఆఖరి రాత్రి గది డబ్బులు ముందే కట్టేయండి. వెళ్లి వచ్చాక మీ నాన్నగారికి ఎలా ఉందో రాయండి.