నేపాల్లో హెటౌడా: అందరూ బస్సు మారే ఊళ్లో మేం మూడు రాత్రులు ఉన్నాం

"కాట్మండు, పోఖరా ఇదివరకే చూశాం. ఈసారి అమ్మానాన్నలతో వెళ్తున్నాం. జనం తొక్కిడి లేకుండా కొండలు, అడవి, కాస్త చరిత్ర దగ్గరదగ్గరగా దొరికే ఊరు నేపాల్లో ఏదైనా ఉందా?" అని అడిగారు కదా. నేనైతే హెటౌడా అంటాను.

నిజం చెప్పాలంటే మేం అక్కడ ఉందామని వెళ్లలేదు. ఒక నవంబర్ చివర్లో బీహార్ సరిహద్దు ఊరు రక్సౌల్ దాటి కాట్మండు పోతుంటే మేం ఎక్కిన జీపు హెటౌడాలో మొరాయించింది. మర్నాటి దాకా కదలదన్నారు. అప్పటికే చీకటి పడింది, మా ఆవిడకి ఒకటే టెన్షన్. దొరికిన లాడ్జిలో దిగాం. పొద్దున కిటికీ తీస్తే మూడు వైపులా కొండలు, వాటి కింద పల్చగా మంచు. జీపు బాగైంది, వెళ్లిపోయింది. మేం ఉండిపోయాం.

దక్షిణాన బీర్‌గంజ్ నుంచి వచ్చే త్రిభువన్ రాజపథ్, దేశానికి తూర్పు పడమరలుగా సాగే మహేంద్ర రాజమార్గ్ పథలైయా దగ్గర కలుస్తాయి. అమ్లేఖ్‌గంజ్, చురే కొండలు దాటి హెటౌడా దాకా ఒకే రోడ్డుగా వచ్చి, ఇక్కడ విడిపోతాయి. ఒకటి ఉత్తరాన కొండలెక్కుతుంది, ఇంకొకటి పడమరగా చిత్వన్ వైపు పోతుంది. అందుకే ఇక్కడ ఆగేవాళ్లంతా టీ తాగి బండెక్కేసేవాళ్లే. బాగ్మతి ప్రాంతానికి ఇదే రాజధాని అయినా టూరిస్టులు దాదాపు కనబడరు. ఊళ్లో లారీలు, ఫ్యాక్టరీలు ఉన్నాయి, పెద్ద రోడ్డు మీద దుమ్ముంటుంది. అది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. రోడ్డు వదిలి లోపలికెళ్తే మాత్రం చెట్ల నీడ, రాప్తీ నది ఒడ్డు, సాయంత్రం కాసేపు కూర్చోవడానికి శహీద్ స్మారక్ పార్కు ఉన్నాయి. భుటన్ దేవి గుడి కూడా ఊళ్లోనే. హిడింబ పేరు మీదే ఊరికి ఈ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. పైన కొండ మొదట్లో ఉన్న భీమ్‌ఫేదీకి భీముడి పేరట. ఘటోత్కచుడి అమ్మగారి ఊరికొచ్చామన్నమాట అని మా ఆవిడ తెగ సంబరపడింది.

నాకు బాగా నచ్చింది మకవాన్‌పుర్ గఢీ. హెటౌడా నుంచి సుమారు 17 కిలోమీటర్లు, జీపు మాట్లాడుకుని వెళ్లాం. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన సేన రాజుల కోట ఇది. తర్వాత నేపాల్‌ని ఒక్క రాజ్యం చేసిన గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా ఇక్కడి రాజకుమారిని పెళ్లాడాడు. కట్నం కింద ఒంటి దంతం ఏనుగునీ, నౌలఖా (తొమ్మిది లక్షల) హారాన్నీ అడిగితే అత్తింటివాళ్లు ఇవ్వలేదని, ఆ కోపం ఎన్నేళ్లయినా పోలేదని కథ. కట్నం గొడవలు మనకేం కొత్త! ఆ అల్లుడే 1762లో ఈ కోటను పట్టుకున్నాడు. మరుసటేడు బెంగాల్ నవాబు మీర్ కాసిం సైన్యం వచ్చి ఓడి వెనక్కి పోయింది. 1816లో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఈ చుట్టుపక్కలకే వచ్చి గెలిచాక నేపాల్‌కీ కంపెనీకీ మధ్య సుగౌలీ ఒప్పందం ఖాయమైంది. ఇంత జరిగిన చోట మేం వెళ్లినప్పుడు ఉన్నది మేమిద్దరం, మేకలు కాసుకునే ఒక కుర్రాడు. మందపాటి రాతి గోడలు, కందకం, గడ్డి. టికెట్ల హడావుడి లేదు, సెల్ఫీల గోల లేదు. ఓ గంట ఊరికే కూర్చున్నాం.

ఆ కొండల్లో ఎక్కువగా ఉండేది తమాంగులనే తెగవాళ్లు. బౌద్ధులు, ఊరూరా చిన్న గుంపా, అంటే బౌద్ధుల గుడి, ఉంటుంది. దారిలో ఒక ముసలావిడకి జీపు డ్రైవర్ నేర్పినట్టు "ఫ్యాఫుల్లా" అన్నాను. అది వాళ్ల భాషలో నమస్కారం. ఆవిడ నవ్వు ఆపుకోలేక పక్కింటావిడని కూడా పిలిచింది. నా ఉచ్చారణ అంత బాగుందన్నమాట.

రెండో రోజు భీమ్‌ఫేదీ. 1950లలో రాజపథ్ వేయకముందు కాట్మండు వెళ్లాలంటే ఇక్కడి నుంచి కాలినడకే. చీసాపానీ గఢీ, కులేఖానీ, చిత్లాంగ్ మీదుగా దారి. అప్పట్లో నేపాల్‌ని ఏలిన రాణాల మోటారు కార్లు కూడా బొంగులకు కట్టి, పదుల కొద్దీ కూలీలు భుజాల మీద కొండ దాటించినవే. ఆ ఎక్కుడు కింద నిలబడి తలెత్తి చూస్తేగానీ ఆ మాట నమ్మబుద్ధి కాదు. తర్వాత 1964లో హెటౌడా నుంచి కాట్మండుకు 42 కిలోమీటర్ల రోప్‌వే పెట్టి సరుకు గాలిలో పంపారు. అది ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ వైపు నుంచి షేర్ సుమోలు కాట్మండుకు పోతాయి. అదే దారి పైన కులేఖానీ డ్యామ్ వెనక ఇంద్ర సరోవర్. మార్ఖూ దగ్గర పడవ ఎక్కి, వేయించిన చేపలు తిని వచ్చాం. మీ అమ్మగారు శాకాహారి అయినా దిగులు లేదు. దాల్ భాత్ ఎక్కడైనా దొరుకుతుంది, అన్నం, పప్పు, కూర అడిగినకొద్దీ వడ్డిస్తారు. గుంద్రుక్ మాత్రం ఒకసారి రుచి చూడండి. ఆకుకూర పులియబెట్టి ఎండబెడతారు. మా ఆవిడ గోంగూర అనుకుని ఇంత కలుపుకుంది. గోంగూర కాదు, కానీ మిగల్చలేదు.

దామన్ మూడో రోజు. రాజపథ్ మెలికలు తిరుగుతూ సింభంజ్యాంగ్ దాకా, అంటే దాదాపు 2,500 మీటర్ల ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి దామన్‌కు కొంచెం దిగుతుంది. వాంతులయ్యేవాళ్లు పొద్దున ఏమీ తినకండి. ఆకాశం తేటగా ఉంటే ధవళగిరి నుంచి ఎవరెస్టు దాకా మంచు వరస కనిపిస్తుందని పేరు. మేం వెళ్లేసరికి పొగమంచు. రెండు గంటలు పడిగాపులు కాస్తే పదిహేను నిమిషాలు తెర తొలిగింది. అది చాలదనిపించింది. మీరు మాత్రం మాలా పగలు వెళ్లి పగలే రాకుండా రాత్రి అక్కడే పడుకోండి, తెల్లారగట్ల చూడొచ్చు. లాలీగురాస్ (రోడోడెండ్రాన్) పూలు కావాలంటే మార్చి, ఏప్రిల్ మంచిది. అప్పుడు కొండలు కొంచెం మసకగా ఉంటాయి, రెండూ ఒకేసారి దొరకవు. వానాకాలంలో మాత్రం వద్దు, కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతాయి.

ఇక ప్రయాణం. హైదరాబాద్ వైపు నుంచి రక్సౌల్‌కు నేరుగా రైలుంది. రోజూ ఉండదు, ఏ స్టేషన్ నుంచి, ఏ రోజని చూసుకుని టికెట్ చేసుకోండి. రక్సౌల్ దాటితే బీర్‌గంజ్, అక్కడి నుంచి హెటౌడా రెండు గంటల పైచిలుకు. మనకు వీసా అక్కర్లేదు గానీ ఆధార్‌ని నమ్ముకోకండి, పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకోండి. డబ్బు వంద నోట్లుగా తీసుకెళ్తే పేచీ లేదు. మన వంద వాళ్ల నూట అరవై. ధర చెప్పగానే "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడగండి, అంటే ఇండియా రూపాయలా, నేపాల్ రూపాయలా అని. నేను మొదటి రోజు అడగలేదు, రెండు టీలకు ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువే ఇచ్చాను.

పెద్దవాళ్లతో అంటున్నారు కాబట్టి గదులు హెటౌడాలోనే తీసుకోండి, ఊరు కిందనే ఉంది, చలి తక్కువ. దామన్లో ఉండే ఆ ఒక్క రాత్రికి మాత్రం నాన్నగారికి మంకీ క్యాప్, రెండు జతల సాక్సులు మర్చిపోకండి. అక్కడ నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి.