గోడకి నెట్టి చూశావా, బుజ్జీ?

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

మీ క్లాసులో ఒకదాన్నొకటి బరిలోంచి తోసేసే సుమో రోబోల పోటీ పెట్టారనీ, మీ జట్టుకి నువ్వే కెప్టెన్‌వనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో. ఆ మాట పూర్తికాకుండానే "రాత్రంతా బ్యాటరీ దాని మంచం పక్కనే చార్జింగులో ఉంటోందక్కా" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ సంగతి తేల్చుకుందాం. లిథియం బ్యాటరీని మనిషి మేలుకుని ఉన్నప్పుడే చార్జింగుకి పెట్టాలి. పరుపు మీదా, పుస్తకాల మీదా కాదు, వట్టి గచ్చు మీద. చుట్టూ అంటుకునేదేమీ ఉండకూడదు. రెండు సెల్లుల ప్యాక్ అయితే రెంటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరే వాడు. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కిందికి దిగకూడదు. రోబోలోంచి తీసేసరికి వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగు, అసలే గుంటూరు ఎండలు. సెల్లు కాస్త ఉబ్బినట్టు కనిపించినా ఇక దాన్ని వాడొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు. స్కూలు సంచిలో స్క్రూలతో కలిపి పడెయ్యకు. రెండు కొసలూ ఓ మేకుకి తగిలాయంటే సంచే అంటుకుంటుంది. కొసలకి టేపు చుట్టు. విసుక్కోకు, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

కొలతలు నీకు తెలిసే ఉంటాయి. మినీ సుమో అంటే 500 గ్రాముల లోపు బరువు, 10 సెంటీమీటర్ల చదరంలో పట్టాలి, ఎత్తుకి హద్దు లేదు. బరి 77 సెంటీమీటర్ల నల్లటి వృత్తం, అంచున రెండున్నర సెంటీమీటర్ల తెల్ల గీత. మీ మేడం వేరే కొలతలిస్తే అవే ఖాయం. మోటార్లు ఎన్20 అనే చిన్న రకం, లోహపు పళ్ళచక్రాలవి తీసుకో. పసుపుపచ్చ బీఓ మోటార్లు చవకే గానీ, ఎదుటిది అడ్డం తగిలినప్పుడు లోపలి ప్లాస్టిక్ పళ్ళు ఊడిపోతాయి.

ఇక అసలు సంగతి. ఏ పోటీ చూసినా ఏదో ఒక జట్టు చేసే తప్పు ఇది. మీరు చెయ్యకండి.

రోబో బల్ల మీద బంగారంలా తిరుగుతుంది. బరిలో దింపుతారు. ఎదుటిదాన్ని పసిగడుతుంది, దూసుకెళ్తుంది, ఢీకొంటుంది, అక్కడే కొయ్యబారిపోతుంది. ఎదుటిది తాపీగా తోసుకెళ్ళి గీత దాటిస్తుంది. కింద పడ్డాక మనది మేలుకుని గాల్లో చక్రాలు తిప్పుతూ ఉంటుంది. పిల్లలంతా వెళ్ళి కోడ్ మీద పడతారు. రాత్రి రెండింటిదాకా డిలేలు, అంటే కోడ్ ఆగే సమయాలు, మారుస్తారు, పొద్దున మళ్ళీ అదే కథ.

కోడ్‌లో ఏ పాపమూ లేదు. బల్ల మీద చక్రం తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి చిన్న మోటారుకి ఆంపియరులో పదో వంతు చాలు. అదే చక్రం తిరగకుండా ఆగిపోతే, జోరున్న 6 వోల్టుల ఎన్20 ఒక్కటే ఒకటిన్నర ఆంపియర్లు లాగేస్తుంది. రెండు కలిపితే మూడు. ముందుకెళ్తున్నదాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఆ క్షణంలో ఇంకా ఎక్కువ. బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారి కుంగుతుంది, దాంతోపాటు రోబోకి మెదడైన బోర్డుకి వెళ్ళే 5 వోల్టులూ కుంగుతాయి. 2.7 వోల్టుల దగ్గర ఆ బోర్డు, అంటే ఆర్డ్యూయినో ఊనో, తనంతట తనే రీసెట్ అవుతుంది. ప్రోగ్రాం మొదటి నుంచి మొదలు. మొదట్లో ఏముంది? ఆట మొదట్లో ఆగాలన్న నిబంధన ప్రకారం నువ్వే రాసిన ఐదు సెకన్ల ఆగుడు! కుస్తీ మధ్యలో ఉన్నానని దానికేం తెలుసు, బుద్ధిగా ఐదు లెక్కపెట్టుకుంటూ నిలబడుతుంది.

దీన్ని పట్టుకోవడం సులువు. ప్రోగ్రాం మొదట్లోనే బోర్డు మీది లైటు మూడుసార్లు వెలిగేలా రాయి. రోబోని గోడకి ఎదురుగా పెట్టి, పూర్తి జోరుతో మూడు సెకన్లు నెట్టనియ్. అంతకంటే ఎక్కువ వద్దు, మోటారు కాలుతుంది. ఆ తర్వాత ముందుకీ వెనక్కీ తిప్పు. మధ్యలో లైటు మూడుసార్లు మినుక్కుమంటే దొంగ దొరికినట్టే.

మందు కూడా చెప్తాను. దీర్ఘచతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ పెట్టి ఉంటే తీసెయ్యి. అది మల్టీమీటర్ల లాంటివాటికి సరిపోయే సరుకు, ఆంపియర్ అడిగితే చేతులెత్తేస్తుంది. మోటార్లకి కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవరు రెండు వోల్టులు తనే మింగేస్తుంది, 7.4 ఇస్తే మోటారుకి అయిదున్నరే దక్కుతుంది. దాని బదులు టీబీ6612 డ్రైవరు పెట్టు, కాకపోతే ఒక్కో వైపు ఆగకుండా 1.2 ఆంపియర్లే దాని శక్తి, మోటార్లని ఎక్కువసేపు బిగుసుకుపోనివ్వకు. బోర్డుకి కరెంటు డ్రైవరు నుంచి తీసుకోకు, వోల్టేజీ తగ్గించి ఇచ్చే వేరే చిన్న బక్ కన్వర్టరు పెట్టు. దానికి ముందు 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటరు, ఆ కెపాసిటరుకి ముందు ఒక షాట్‌కీ డయోడు. డయోడు కరెంటుని ఒక్క వైపుకే పోనిస్తుంది, అది లేకపోతే కెపాసిటరులో దాచుకున్నదంతా మోటార్లే తాగేస్తాయి. కెపాసిటరు మీద తెల్ల చార ఉన్న కాలు నెగటివ్, తిరగేశావంటే పేలుతుంది. మోటార్లకి ఆ సన్నటి జంపరు తీగలు వద్దు, కాస్త లావు తీగ తీసుకుని టంకం పెట్టు. కోడ్‌లో దిశ మార్చే ముందు 40 మిల్లీసెకన్లు మోటార్లు ఆపు. ఇవన్నీ అయ్యాక మళ్ళీ గోడకి నెట్టు, ఈసారి సగం ఖాళీ అయిన బ్యాటరీతో. మూడో రౌండుకి బ్యాటరీ ఉండేది అలాగే కదా.

మిగతావి గబగబా చెప్పేస్తాను. శబ్దంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సారు వాడుతుంటే, ప్రతిధ్వని కోసం ఎదురుచూసే ఆదేశం పల్స్ఇన్‌కి గడువు ఇవ్వు, 6000 మైక్రోసెకన్లు చాలు. బరి ఆ చివరిదాకా వెళ్ళి శబ్దం తిరిగి రావడానికి నాలుగున్నర మిల్లీసెకన్లే పడుతుంది. గడువు ఇవ్వకపోతే ప్రతిధ్వని రానప్పుడల్లా రోబో అక్కడే ఎదురుచూస్తూ గీత దాటేస్తుంది. వాలు పలక ఉన్న రోబో మీద పడ్డ శబ్దం పైకి జారిపోతుందని కూడా గుర్తుపెట్టుకో. కోడ్‌లో ముందు గీతని చూడాలి, తర్వాతే శత్రువుని. ప్రాక్టీసు బరికి ఫ్లెక్సీ వేయించొద్దు, దాని మెరుపు చూసి సెన్సారు అంతా తెలుపే అనుకుంటుంది. ప్లైవుడ్ కోయించి మెరుపు లేని నల్ల రంగు వేయించు. క్లాసులో కిటికీ ఎండ పడుతుందేమో చూసి అక్కడే నలుపునీ తెలుపునీ విడదీసే హద్దు విలువ సరిచూసుకో.

రోబో ముందు వైపు పలకకి పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు కోసి పెట్టు, కొసలు ఆకురాయితో నున్నగా చెయ్యి. దాని కింద పోస్టుకార్డు దూరకూడదు. బరువు 490 దాటేదాకా చక్రాల దగ్గర సీసం గుళ్ళు అతికించు. కొండపల్లి బొమ్మ తేలిగ్గా ఉంటేనే అందం గానీ, కుస్తీకి దిగేది ఆ తేలికతో నెగ్గదు. బంగారం కొట్టులో తూయిస్తే గ్రాము తేడా కూడా తెలుస్తుంది, అడిగితే ఎవరూ కాదనరు.

ఆరేళ్ళప్పుడు టార్చిలైటు విప్పి, స్ప్రింగు పోగొట్టి, దాని చోట వెండి పట్టీ ముక్క ఇరికించి వెలిగించావు. మీ అమ్మ వీపు మీద ఒకటేసింది, నేను మాత్రం లోపల మురిసిపోయాను.

ఆదివారం పొద్దున బస్సుకి బెజవాడ నుంచి వస్తున్నాను. మల్టీమీటరు, నిప్పుకి తట్టుకునే బ్యాటరీ సంచి నేనే తెస్తాను. అప్పటిదాకా ఆ బ్యాటరీని చార్జింగుకి పెట్టావంటే మాత్రం ఊరుకోను.

మీ అత్తయ్య