మూడు మానిటర్ల గేమింగ్ కంప్యూటర్: కార్డు సంగతి తర్వాత, ముందు కరెంటు

"కడపలో ఉంటాను. మానిటర్లు కాకుండా యాభై అయిదు వేల లోపు, మూడు మానిటర్ల మీద గేములు ఆడుకునే కంప్యూటర్ కట్టించుకోవాలి. ఏ గ్రాఫిక్స్ కార్డు మంచిది?" అని అడిగారు. కార్డు పేరు ఎవరైనా చెబుతారు. నేనూ చెబుతాను గానీ కాస్త ఆగండి. సాయంత్రం ఏడు గంటలప్పుడు మీ ఇంట్లో వోల్టేజీ ఎంత ఉంటుందో ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేనూ చూడలేదు, దానికి ఒక మదర్‌బోర్డునే, అంటే కంప్యూటర్ భాగాలన్నీ బిగించే ప్రధాన పలకనే, మూల్యంగా చెల్లించాను.

మాది ఎర్రగుంట్ల. పగలు ఇళ్ల ప్లాన్లు గీస్తాను, రాత్రి లారీ నడుపుతాను. నా లారీ యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే గేములో ఉంటుంది. నిజం లారీ నడిపింది మా నాన్న. నాపబండల లోడుతో ముప్పై ఏళ్లు బెంగళూరుకూ చెన్నైకీ తిరిగారు. మోకాళ్లు అరిగిపోయి, క్లచ్ తొక్కలేక బండి దిగారు. ఒక్క మానిటర్‌తో నేను ఆడుకునే రోజుల్లో ఒకసారి వెనక నిలబడి చూసి, "గానుగెద్దుకు గంతలు కట్టినట్టుంది, అద్దాలు లేని బండి ఎట్లా తోలుతావురా?" అని వెళ్లిపోయారు. ఆ మాటకే నేను మూడు మానిటర్లు పెట్టాను. మీరు ఎందుకు పెడుతున్నారో రాయలేదు. అది చాలా ముఖ్యం, ఎందుకో తర్వాత చెబుతాను.

2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ నాణేల తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డుల అవసరం లేకుండా పోయింది. ఆ తవ్వకాల్లో వాడిన కార్డులన్నీ గుట్టలుగా బజారులోకి వచ్చిపడ్డాయి. నేను రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీటుకు వెళ్లి ఆర్‌ఎక్స్ 580 అనే కార్డు ఒకటి ఎనిమిది వేలకు బేరం చేశాను. ఏదో కంపెనీ తీసేసిన 22 అంగుళాల మానిటర్లు మూడు, ఒక్కొక్కటి రెండు వేల ఎనిమిది వందలకు తెచ్చుకున్నాను. కేబినెట్ మాత్రం మా దగ్గరే ఒక దుకాణంలో కొన్నాను. దానితో పాటు ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు పంచే డబ్బా, ఉచితం అన్నారు. ఉచితం అన్నది ఏనాటికైనా వడ్డీతో వసూలు చేసుకుంటుందని అప్పటికి నాకు తెలియదు.

2023 మే నెల. మూడు తెరలూ కుదిరి అప్పటికి నాలుగు రోజులయింది. ఆ గేములో బ్రిటన్ లారీలకు మనలాగే కుడివైపు స్టీరింగు పెట్టుకోవచ్చు, రోడ్డుకు ఎడమ పక్కన పోవచ్చు. నాన్నను కూర్చోబెట్టి, సెకండ్ హ్యాండ్ స్టీరింగు చేతికిచ్చాను.

"లోడు ఎంతరా?" అన్నారు.

"ఇరవై టన్నులు."

"తాళ్లు ఎవరు కట్టారు?"

"కంప్యూటరే కడుతుంది నాన్నా."

ఆ సమాధానం ఆయనకు నచ్చలేదు. డోవర్ రేవు నుంచి మెల్లగా బయలుదేరారు. మొదటి మలుపులో అద్దం కోసం అలవాటుగా తల కుడివైపు తిప్పారు. తిప్పినచోట, మూడో మానిటర్‌లో, అద్దం ఉంది. అద్దంలో ట్రైలరు వెనక చక్రం రోడ్డు అంచును ఒరుసుకుంటూ వస్తోంది. ఏమీ అనలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అరగంట సేపు ఇంట్లో ఎవరి మాటా వినలేదు. అమ్మ కాఫీ తెచ్చిపెట్టి, ఎంత పిలిచినా పలక్కపోతే తిరిగి తీసుకెళ్లింది.

ఏడు దాటాక కరెంటు పోయి ఉంటే బాగుండేది, పోలేదు. ఫ్యాను బాగా నెమ్మదించి, మళ్లీ ఒక్కసారిగా గిర్రున లేచింది. కేబినెట్‌లోంచి తడిసిన సీమటపాకాయ పేలినట్టు టప్పుమంది. మూడు తెరల మీదా సిగ్నల్ లేదన్న నీలం పెట్టె అటూ ఇటూ తిరుగుతోంది. కాలిన రెగ్జిన్ వాసన గదంతా నిండింది. నేను ప్లగ్గు పీకడానికి పరిగెత్తాను. నాన్న కుడికాలు బ్రేకు మీద బిగబట్టి, ఎడమచేత్తో గాలిలో హ్యాండ్‌బ్రేకు కోసం వెతుకుతున్నారు.

"పక్కకు తీసే ఉన్నాను కదా?" అన్నారు కాసేపటికి.

కలమల్లలో 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం మాకు పక్కనే ఉంది. ఆ పక్క ఊరివాళ్లకు కరెంటు కష్టాలేమిటని మీరు అనవచ్చు. అక్కడ ఎంత పుట్టినా మా వీధికి వచ్చేది వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చినంతే. బండల పాలిషింగ్ యంత్రాలు ఒకేసారి నడిస్తే వోల్టేజీ కిందికి పోతుంది, అవి ఒకేసారి ఆగితే పైకి లేస్తుంది. 230 ఉండాల్సింది 180కి దిగడం తర్వాత నేనే మీటరు పెట్టి చూశాను.

మర్నాడు ఎస్ఎంపీఎస్ విప్పి బల్ల మీద పెట్టాం. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉంది. దాని కింద చీమతలకాయంత అక్షరాలతో ఒక పట్టిక. నాన్న కళ్లద్దాలు తెచ్చుకుని అందులో ఒక గడి మీద వేలు పెట్టారు. 12 వోల్టులు, 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. కార్డూ ప్రాసెసరూ బతికేది ఆ 12 వోల్టుల లైను మీదే. ఆర్‌ఎక్స్ 580 ఒక్కదానికే 185 వాట్లు కావాలి. ప్రాసెసర్ సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు.

"సైడు మీద పెయింటు చూసి ఎవరైనా లోడు ఎత్తుతారా? ఆర్సీ చూడాలి కదరా," అన్నారు నాన్న.

కార్డు బతికింది, మదర్‌బోర్డు పోయింది. దుకాణానికి వెళితే "గేములు ఆడితే వారంటీ రాదు" అన్నారు. గేమింగ్ కేబినెట్ అని బోర్డు రాసి అమ్మినవారే ఆ మాట అన్నారు. దాని మీద నా దగ్గర ఇంకో రెండు పేజీల మాటలు ఉన్నాయి, వదిలేస్తాను.

కాబట్టి మీ డబ్బులో మొదటి వాటా ఎస్ఎంపీఎస్‌కు తీసి పక్కన పెట్టండి. 550 వాట్లది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది చాలు. కొనే ముందు ఆ చిన్న పట్టిక చదవండి. 12 వోల్టుల లైను 40 ఆంపియర్లకు తగ్గితే డబ్బాను అక్కడే పెట్టి వచ్చేయండి. తర్వాత యూపీఎస్. యూపీఎస్ సామర్థ్యాన్ని వీఏల్లో రాస్తారు, అందరూ కొనే 600 వీఏది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. ఆడుతున్నప్పుడు కంప్యూటరుకు 250 నుంచి 300 వాట్లు, మానిటర్లకు తలా పాతిక వేసుకోండి. అంత బరువు మీద పడితే కరెంటు పోయిన క్షణమే ఆ చిన్న యూపీఎస్ కూడా కీచుమని పడిపోవచ్చు. 1,000 వీఏకి తగ్గవద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్‌వేవ్ రకమేనా, అంటే లైను కరెంటులాంటి నున్నటి కరెంటు ఇచ్చేదేనా అని చూడండి. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అనే చిన్న మీట ఉంటుంది. మా ఇంట్లో దాన్ని ఆరేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. అది నొక్కి ఉంటే కరెంటు మారే వ్యవధి తగ్గి కంప్యూటర్ ఆరిపోకుండా ఉంటుంది.

ఇప్పుడు కార్డు. మూడు మానిటర్లకు రెండు కార్డులు కావాలని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నాకూ చెప్పారు. అది 2010 నాటి మాట. 2009లోనే ఏఎండీ అనే కార్డుల కంపెనీ ఐఫినిటీ పేరుతో ఒక్క కార్డు మీద మూడు తెరలు కలిపింది. దాని పోటీ కంపెనీ ఎన్విడియాకు మాత్రం మొదట్లో రెండు కార్డులు కావాల్సి వచ్చేది, 2012లో 600 సిరీస్ కార్డులతో ఆ బాధ తప్పింది. పదేళ్లు దాటినా ఆ కబురు కొన్ని కౌంటర్ల దగ్గరికి ఇంకా చేరలేదు.

ఒక 1080పీ తెర, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. మూడు కలిపితే 62 లక్షలు. 4కే తెరకు 83 లక్షలు. అంటే కార్డు మోసే బరువు 4కేలో ముప్పావు వంతన్నమాట. మీ డబ్బుకు ఆర్‌ఎక్స్ 6600 సరిపోతుంది. 8 జీబీ మెమరీ, 132 వాట్లు. నా పాత 580 కంటే వేగం బాగా ఎక్కువ, తాగే కరెంటు తక్కువ. మన ఎండలకూ మన వోల్టేజీకీ ఈ రెండో గుణమే నాకు ముద్దు. ఇంకాస్త డబ్బుంటే 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, కానీ అది 170 వాట్లు. సెకండ్ హ్యాండ్ 580 అయితే మాత్రం 2048 ఎస్‌పీ అని ఉన్నదాన్ని వద్దనండి. అది పేరుకే 580, లోపల కోత పెట్టిన సరుకు. ధరలు నెలకొకలా ఉంటున్నాయి, అంకెలు రాసి మిమ్మల్ని తప్పుదారి పట్టించను.

కొనే ముందు కార్డు వెనక వీడియో పోర్టులు లెక్కపెట్టండి. డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చౌక కేబుల్ ఒక్క దిక్కుకే పనిచేస్తుంది. కార్డు వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లే పోర్ట్ పెట్టి నేను రాత్రి పన్నెండు దాకా కుస్తీ పట్టాను. మూడో మానిటర్‌ను మదర్‌బోర్డుకు తగిలిద్దామనీ అనుకోకండి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్నా, రైజెన్ 5 5600 అనే ప్రాసెసర్ అయినా లోపల గ్రాఫిక్స్ ఉండవు, ఆ పోర్టు అలంకారమే. గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ అయినా సరే, మూడింటినీ ఒకే తెరగా కలపాలంటే మూడూ ఒకే కార్డుకు తగలాలి.

ప్రాసెసర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రైజెన్ 5 5600 లేదా ఐ3 12100ఎఫ్. ర్యామ్ ఒకే పెద్ద ముక్కగా కాకుండా ఎనిమిదేసి జీబీలవి రెండు. ఆన్‌లైన్‌లో "ఐ7 గేమింగ్ పీసీ" అని రంగుల లైట్లతో చౌకగా కనిపించే వాటి జోలికి మాత్రం పోవద్దు. అడుగున చూస్తే అది 2011 నాటి ఐ7 2600 అయి ఉంటుంది, పక్కన జీటీ 730 కార్డు. అది మూడు మానిటర్ల మీద సినిమా చూపిస్తే గొప్ప. మా బావమరిది ఒకటి కొన్నాడు. దానిలో బాగా పనిచేసేవి లైట్లే.

కేబినెట్ ముందు అద్దం ఉండకూడదు, జల్లెడలాంటి జాలీ ఉండాలి. మే నెలలో మన గదిలోనే నలభై డిగ్రీలుంటే, అద్దాల పెట్టెలో కార్డు ఏ గాలి పీల్చాలి? మా ఊళ్లో దానికి తోడు బండల పొడి. పదిహేను రోజులకు ఒకసారి జాలీ విప్పి దులిపితే తెల్లగా ముగ్గుపిండిలా రాలుతుంది. కడపలో ఇంత ఉండదులెండి.

ఇందాక తర్వాత చెబుతానన్న మాట. మీరు ఆడేది వాలరెంట్ లాంటి కాల్పుల గేములైతే మూడు తెరల ఆట మరిచిపోండి, వాలరెంట్ 16:9, అంటే ఒక్క మామూలు తెర వెడల్పు దాటి చూపించదు. మంచి మానిటర్ ఒకటి కొని, పాతవి పక్కన పెట్టుకోండి. లారీలు, కార్లు, విమానాలు నడిపేవారికే మూడు తెరల అసలు సుఖం. అక్కడ కూడా ట్రక్ సిమ్యులేటర్‌లో ఒక సెట్టింగు ఫైలును మనమే సరిచేసుకోవాలి. లేకపోతే పక్క తెరల్లో బొమ్మ సాగదీసిన పూరీ పిండిలా ఉంటుంది.

బల్ల సంగతి ఎవరూ చెప్పరు. నా ప్లైవుడ్ బల్ల మూడు మానిటర్లు పెట్టేసరికి ఉయ్యాలలా వంగింది. నాన్న తన పాత పరిచయంతో ఆరడుగుల కడప బండ ఒకటి పాలిష్ పట్టించి, నలుగురితో మోయించి తెచ్చారు. రెండు పక్కలా ఇటుక గోడలు కట్టి దాని మీద వేశాం. అది కదలదు, వంగదు, చెమ్మకు ఉబ్బదు. మానిటర్లను గాలిలో పట్టి ఉంచే చేతులు (మానిటర్ ఆర్మ్‌లు) కొని బండ అంచుకు బిగించబోయాను. బిగింపు ఒక చుట్టు ఎక్కువై, అరచేయంత పెళ్ల ఊడి నా కాలి పక్కన పడింది. బండకైతే స్టాండ్లే వాడండి. చేతులే కావాలంటే గోడకు బిగించుకోండి.

మానిటర్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటే మూడూ ఒకే మోడల్ అయితే చాలదు, పక్కపక్కన పెట్టి తెల్ల తెర వెలిగించి చూసి తీసుకోండి. నేను చూడలేదు. నా కుడివైపుది మిగతా రెండింటి కంటే పసుపు. ఎన్ని సెట్టింగులు తిప్పినా పోలేదు. నాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం రెండు గంటలు బండి తీస్తారు. ఇంగ్లండులో ఎంత పొద్దున బయలుదేరినా కుడిపక్క మాత్రం ఎప్పుడూ పొద్దుగూకుతూనే ఉంటుందట.