కొండ ఫోటోలో ఎందుకు చిన్నబోతుంది?

ప్రశ్న: ఎదుట నిలబడి చూస్తే ఆకాశాన్నంతా ఆక్రమించినట్లున్న కొండ నా ఫోటోలో గోరంత అయిపోయింది. అదే చోట కూర్చుని నా మిత్రుడు వేసిన చిత్రంలో మాత్రం మేము చూసినంత పెద్దగానే ఉంది. ఆయన లేనిది కల్పించారా, నా కెమెరా ఉన్నది దాచిందా?

జవాబు: రెండూ జరగలేదు. లెన్సుకు దగ్గరి రాయి మీదా దూరపు శిఖరం మీదా పక్షపాతం ఉండదు. జ్యామితి ప్రకారం దేని వాటా దానికి ఇస్తుంది. మన చూపు మాత్రం శిఖరం మీదే నిలిచి, మధ్యలోని పొదలనూ బీడునూ పట్టించుకోదు కనుక మనసులో కొండ పెరుగుతుంది. మీ మిత్రుడు వేసింది ఆ పెరిగిన కొండనే. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ తన ఊరికి సమీపంలోని సెంట్ విక్త్వార్ పర్వతాన్ని పదేపదే చిత్రించాడు. ఆయన కూర్చున్న చోట్ల నుంచి తర్వాతివారు తీసిన ఫోటోలతో పోల్చి చూస్తే, చాలా చిత్రాల్లో పర్వతం మరింత పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని అబద్ధమనడానికి నాకు మనసొప్పదు.

అలాగని ఫోటోగ్రాఫరు ఉన్నదున్నట్లు నకలు దించేవాడేమీ కాదు. 1850లలో ఫ్రెంచి ఫోటోగ్రాఫరు గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని తీసేనాటికి కొలోడియన్ ప్లేట్లు (ఫిల్ముకు బదులు వాడిన, రసాయనం పూసిన గాజు పలకలు) నీలి కాంతికి అతిగా స్పందించేవి. అలలకు చాలినంత ఎక్స్‌పోజర్ ఇస్తే మేఘాలు తెల్లగా వెలిసిపోయేవి. అందుకని ఆయన కొన్ని దృశ్యాలకు ఆకాశానికొకటి, సముద్రానికొకటి చొప్పున రెండు నెగెటివ్‌లు వాడి, క్షితిజరేఖ దగ్గర కలిపి ఒకే ప్రింటు వేశాడు. 1927లో అమెరికాలోని యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ శిలను పసుపు ఫిల్టరుతో తీసిన ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్, తనకు కలిగిన అనుభూతి అందులో రాదనిపించి, మిగిలిన చివరి ప్లేటుకు నీలి కాంతిని అడ్డుకునే ముదురు ఎరుపు ఫిల్టరు వాడాడు. నీలాకాశం దాదాపు నల్లబడింది, శిల దాని ముందు నిటారుగా లేచి నిలబడింది.

తేడా వచ్చేది అక్కర్లేని వాటి దగ్గర. అడ్డొచ్చిన కరెంటు తీగను చిత్రకారుడు వేయకుండా ఊరుకుంటే చాలు. ఫోటోగ్రాఫరు మాత్రం అది కనిపించని చోటు వెతుక్కుంటూ నడవాలి. (సాఫ్ట్‌వేర్‌తో చెరిపేయవచ్చు కదా అంటారేమో, అది వేరే తగాదా.)

మీరు బహుశా విశాలమైన దృశ్యాన్ని ఇమిడ్చే వైడ్ యాంగిల్ లెన్సు వాడి ఉంటారు. ఈసారి బాగా వెనక్కి వెళ్ళి, దూరపు వాటిని పెద్దగా చూపే టెలిఫోటో లెన్సుతో తీయండి: ముందున్న చెట్లు కొండతో పోలిస్తే చిన్నవై, కొండ వాటి వెనకనే లేచినట్లు వస్తుంది. వెళ్ళేముందు మీ మిత్రుడు ఆ దృశ్యంలో ఏమేమి వదిలేశారో అడిగి తెలుసుకోండి. మీ ఫ్రేములోంచి ముందుగా తప్పించవలసినవి అవే.