ప్రాజెక్టు డబ్బు ఆగినప్పుడు విశ్వవిద్యాలయాన్ని ఏమడగాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా పనిచేస్తూ పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నారు. ఏప్రిల్ నుంచి జీతం లేదు. ప్రాజెక్టు ఇక ఉండకపోవచ్చని గైడ్ అన్నారు. అమెరికాలో ఇలాంటప్పుడు విశ్వవిద్యాలయాలే ముందుకొచ్చాయి కదా, గుంటూరులో మమ్మల్ని ఎవరు ఆదుకుంటారు, మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకోవాలా అని అడిగారు.

మానేయకండి. కనీసం ఈ నెలలో ఆ నిర్ణయం తీసుకోకండి. 2024లో ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు నేనూ ఇదే స్థితిలో ఉన్నాను. తొమ్మిది నెలలు జీతం లేకుండా గడిపి, పట్టా తీసుకుని, ఇప్పుడు విజయవాడలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. ప్రాజెక్టు రద్దయిందా, లేక విడతల వారీగా వచ్చే డబ్బులో ఒక విడత ఆగిందా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మా ల్యాబులో మూడు నెలలు అందరం రద్దయిందనే అనుకున్నాం. డబ్బు రాకపోవడానికి కారణం మా విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలోనే ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఖర్చు లెక్కలతో వినియోగ ధ్రువపత్రం పంపాలి. అందరూ యూసీ అనేది దాన్నే. కేంద్ర ఆర్థిక నియమాల్లో దానికి జీఎఫ్‌ఆర్ 12-ఏ అనే నమూనా ఉంది. అది చేరనిదే తర్వాతి విడత విడుదల కాదు. రసాయనాల బిల్లు ఒకటి సరిపోలలేదని మా యూసీని ఫైనాన్స్ విభాగంలో పక్కన పెట్టారు. ఆ మాట మా గైడ్‌కు కూడా ఎవరూ చెప్పలేదు. జూలైలో నేను ఆ గదికి వెళ్లి అడిగితే తెలిసింది. సరిచేసి పంపాక కూడా డబ్బు చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. కాబట్టి రేపే వెళ్లి మీ యూసీ ఏ తేదీన, ఏ నంబరుతో బయటికి వెళ్లిందో అడగండి. వెళ్లకపోతే ఎవరి దగ్గర ఆగిందో అడగండి.

ఆ ఏడాది నన్ను ఎక్కువగా బాధపెట్టింది జీతం కాదు. మేం పనిచేస్తున్నది మిరపను పట్టిన నల్ల తామర పురుగు మీద. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు 2021–22లో ఉమ్మడి గుంటూరు జిల్లాలో పూతను రాల్చేసి, రైతుల చేత కాపుకు రావలసిన తోటలు పీకించింది. ప్రత్తిపాడు దగ్గర కౌలుకు మిరప వేసిన మా నాన్న కూడా ఆ ఏడాదే మునిగిపోయారు. నేను ఆ ప్రాజెక్టులో చేరడానికి అదే కారణం, జీతం ఆగినప్పుడు ఆయన్ను డబ్బు అడగలేకపోవడానికీ అదే కారణం. ఆ పురుగు పువ్వుల్లో బతుకుతుంది, రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా ఒక తరం పూర్తవుతుంది. వల బోనుల్లో పెంచుతున్న సంతతికి పూత మీదున్న మొక్కలు నిత్యం కావాలి. జీతం లేదని పది రోజులు ఊరికి వెళ్లిపోతే, తరం వెంట తరం లెక్కలు రాసుకుంటూ వచ్చిన సంతతి మొత్తం పోతుంది. పొలంలో చేసే ప్రయోగానికి పూత కాలం తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. డబ్బు ఆలస్యమైనా తర్వాత వస్తుంది, పంట కాలం రాదు. ఈ మాట అధికారులకు చెప్పండి. మీ పరిశోధనలో ఇలా ఆగకూడనిది ఏముందో దాన్ని ముందు చెప్పండి.

ఇక ఉత్తరం. నా మొదటి ఉత్తరంలో 'నా పరిస్థితిని దయతో పరిశీలించి ఆర్థిక సాయం చేయవలసిందిగా' అని ఒక పేజీ రాశాను. ఆరు వారాలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఫైనాన్స్ విభాగంలో పనిచేసే ఒక సూపరింటెండెంటు గారు కూర్చోబెట్టి చెప్పారు: "అమ్మా, సాయం అని రాస్తే దాన్ని ఏ పద్దులో పెట్టాలో మాకు తెలియదు. ఏ పద్దులోంచి, ఎంత, ఎన్ని నెలలకు అన్నది నువ్వే రాయి. అప్పుడు ఫైలు కదులుతుంది." నాకు పనికొచ్చిన సలహా అదొక్కటే. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండో ఉత్తరం రిజిస్ట్రార్ పేరిట, గైడ్, విభాగాధిపతి సంతకాలతో వెళ్లింది. ఉత్తరం అందినట్లు ఇన్‌వార్డ్ ముద్ర వేయించి నకలు దగ్గర పెట్టుకున్నాను. ట్యూషన్ ఫీజుకు జరిమానా లేకుండా గడువు, బ్రాడీపేటలోని అద్దె గది ఖాళీ చేస్తున్నాను కాబట్టి హాస్టల్లో చోటు, మొక్కల గదికి కరెంటు, నీరు ఆపకుండా ఉత్తర్వు, ఓవర్‌హెడ్ పద్దు నుంచి నెలకు 15,000 రూపాయల చొప్పున నాలుగు నెలలకు అడ్వాన్సు అడిగాను.

ఈ ఓవర్‌హెడ్ గురించి చాలామంది స్కాలర్లకు తెలియదు. ప్రతి ప్రాజెక్టులోనూ పరికరాలు, రసాయనాలు, జీతాలు కాక, విశ్వవిద్యాలయం ఇచ్చే గది, కరెంటు, పరిపాలన ఖర్చుల కింద కొంత శాతం సంస్థకు వెళుతుంది. మా ప్రాజెక్టులో అది పది శాతం. అంటే మా పని పేరు మీదే విశ్వవిద్యాలయానికి కొంత సొమ్ము చేరింది. అదే పని ఆగిపోబోతున్నప్పుడు అందులోంచి నాలుగు నెలలు నిలబెట్టమని అడగడం యాచన కాదు. ప్రతి విశ్వవిద్యాలయం ఆ పద్దులో కొంత భాగాన్ని ఇలాంటి విరామాల కోసమే విడిగా ఉంచాలని నా గట్టి అభిప్రాయం. విడతలు ఆలస్యం కావడం కొత్త కాదు, అయినా ప్రతిసారీ మొదటిసారి జరిగినట్లే కంగారుపడతారు.

నాకు ఫీజు గడువు, హాస్టల్ గది, నాలుగు నెలల అడ్వాన్సు దొరికాయి. బకాయిలు వచ్చాక ఆ 60,000 తిరిగి కట్టాను. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. ఆ బకాయిలన్నీ రావడానికి కారణం మా గైడ్ ప్రతి నెలా నా హాజరు పట్టిక మీద సంతకం చేసి దాచడమే. మీరూ ఈ రోజు నుంచే ఆ పని చేయించుకోండి. గెస్ట్ ఫ్యాకల్టీగా క్లాసులు ఇస్తామన్నారు కానీ, అదే కాలానికి రెండు చోట్ల వేతనం తీసుకుంటే బకాయిలకు అడ్డు వస్తుందని వదులుకున్నాను. మీ ప్రాజెక్టు నిజంగా రద్దయితే ఆ చిక్కు ఉండదు. అప్పుడు ముందుగా అడగవలసింది ఆ క్లాసులే.

దొరకనివీ ఉన్నాయి. రసాయనాలకు ఒక్క రూపాయి రాలేదు. మా మొక్కలను చూసుకునే ఫీల్డ్ అసిస్టెంటును మే నెలలోనే మాన్పించారు. అతని కోసం ఎవరూ ఉత్తరం రాయలేదు, నేను కూడా రాయలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మీ ల్యాబులో అలాంటివారుంటే మీ ఉత్తరంలో వారి పేరూ చేర్చండి.

అమెరికా సంగతి నిజమే. 2025లో అక్కడి ప్రభుత్వం పరిశోధన గ్రాంట్లు రద్దు చేసినప్పుడు హార్వర్డ్ తన సొంత డబ్బు 25 కోట్ల డాలర్లు పరిశోధనలకు కేటాయించింది. కానీ ఆ సంస్థ మూలనిధి 5,000 కోట్ల డాలర్లకు పైమాటే. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వచ్చే గ్రాంటులో అధిక భాగం జీతాలకు, పింఛన్లకే సరిపోతుంది. అంత పెద్ద సాయం ఆశిస్తే నిరాశే మిగులుతుంది. గది, గడువు, అడ్వాన్సు లాంటివి మాత్రం ఇక్కడా సాధ్యమే.

ప్రాజెక్టు పోతే పీహెచ్‌డీ పోతుందన్న భయం పెట్టుకోకండి. ప్రాజెక్టు ఉద్యోగం వేరు, రిజిస్ట్రేషన్ వేరు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశం నుంచి ఆరేళ్ల గడువు ఉంది, పునర్నమోదుతో మరో రెండేళ్లు, మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఏటా రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్ వస్తే ఆ ఫెలోషిప్ మీ పేరిట ఉంటుంది, గైడ్ ప్రాజెక్టుతో దానికి సంబంధం ఉండదు. నాకు రెండో ప్రయత్నంలోనూ రాలేదు, అయినా ఆ చదువు థీసిస్ మొదటి అధ్యాయానికి పనికొచ్చింది.

మీ గైడ్ దగ్గర ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వు ఉంటుంది. అందులో ఓవర్‌హెడ్ కింద ఎంత చూపారో, ఇప్పటివరకు ఎన్ని విడతలు వచ్చాయో చూసి ఇక్కడే రాయండి. ఆ అంకెలు తెలిస్తే మీ ఉత్తరంలో ఎంత అడగవచ్చో కలిసి లెక్క వేద్దాం.